సైనో-టిబెటన్ వ్యుత్పత్తి నిఘంటువుకు అన్నేళ్ళు ఎందుకు పట్టింది?

మీ ప్రశ్న ఇదీ: అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో సైనో-టిబెటన్ (చైనీస్, టిబెటన్, బర్మీస్, మన ఈశాన్యంలో మణిపురి, మిజో, బోడో లాంటివి ఉన్న భాషా కుటుంబం) వ్యుత్పత్తి నిఘంటువు, అంటే ఏ మాట ఏ పాత మాట నుంచి వచ్చిందో చెప్పే నిఘంటువు, ప్రాజెక్టు 1987లో మొదలై 2015 దాకా నడిచినా అనుకున్న సంపుటాలన్నీ ఎందుకు రాలేదు, ఇప్పుడు పదాల లిస్టులన్నీ కంప్యూటర్లో ఉన్నాయి కాబట్టి పోలిన మాటల్ని జతచేసే ప్రోగ్రాం ఒకటి రాస్తే నాలుగైదు నెలల్లో పని అవదా, పైగా చైనీస్‌లో "నీ" అన్నా మనకు "నీ" అన్నా అర్థం ఒకటే కదా, తెలుగుకి ఏమన్నా చుట్టరికం ఉందా అని. ఈశాన్య రాష్ట్రాల భాషల పదజాలాల మీద, తులనాత్మక డేటాబేసుల మీద చాలాకాలం పనిచేశాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను. చివరి ప్రశ్న నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే మొదటి ప్రశ్నకి జవాబు సగం అందులోనే ఉంది.

చుట్టరికం లేదు. చైనీస్ "నీ", తెలుగు "నీ" కలిసింది కాకతాళీయం. ఒక్క అక్షరం పొడవున్న మాటలు, అందులోనూ న, మ లాంటి తేలిక ధ్వనులున్న సర్వనామాలు, ప్రపంచంలో ఏ రెండు భాషలు తీసుకున్నా ఒకటో రెండో కలుస్తాయి. అమ్మ, నాన్నల సంగతి ఇంకా అన్యాయం. టిబెటన్‌లో "అమా", మణిపురిలో "ఇమా" అని చూసి మురిసిపోయేవాళ్ళని చాలామందిని చూశాను. పసిపిల్లల నోట మొదట పలికే ధ్వనులే అవి, చాలా భాషల్లో అమ్మకి అవే అంటుకుంటాయి. పైగా మణిపురి "ఇమా"లో ముందున్న "ఇ" అసలు మాటలో భాగమే కాదు. ఇమా అంటే మా అమ్మ, నమా అంటే మీ అమ్మ, మమా అంటే వాళ్ళమ్మ. ముందు అక్షరం ఎవరి అమ్మో చెబుతుంది, అంతే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

మరి చుట్టరికం ఉందని ఎలా తేలుస్తారు? మాటలు పోలి ఉండటం వల్ల కాదు, తేడా ప్రతిసారీ ఒకేలా ఉండటం వల్ల. మనకి బాగా తెలిసిన ఉదాహరణే ఉంది. మన పాలు కన్నడంలో హాలు, మన పులి హులి, మన పువ్వు హూవు. ఇక్కడ ముఖ్యం పాలు-హాలు వినడానికి దగ్గరగా ఉన్నాయని కాదు, ఇలాంటి మాటల మొదట్లో మన "ప" ఉన్నచోట కన్నడంలో ప్రతిసారీ "హ" తేలుతోందని. పాత కన్నడ శాసనాల్లో అక్కడ "ప" కనిపిస్తుంది కూడా, కాబట్టి ఎటు నుంచి ఎటు మారిందో వాదించే పనే లేదు.

ఇదే పరీక్ష సైనో-టిబెటన్‌కి పెట్టండి. బర్మీస్‌లో చేదు "ఖా", అయిదు "ఙా", చేప కూడా "ఙా" (టోన్లు, అంటే మాట అర్థాన్ని మార్చే గొంతు ఎత్తుపల్లాలు, వాటి సంగతి పక్కన పెడుతున్నాను, పెట్టకూడదు కానీ). టిబెటన్ రాతలో అవే ఖ, ల్ఙ, ఞ. ఇప్పటి మాండరిన్‌లో చేదు "ఖూ", అయిదు "వూ", చేప "యూ"కి దగ్గరగా ఉండే శబ్దం. చెవికి ఏమాత్రం కలవవు, కానీ అటు "ఆ" ఉన్న మూడుచోట్లా ఇటు "ఊ" జాతి అచ్చే ఉంది. ప్రాచీన చైనీస్ మీద పనిచేసేవాళ్ళు, టిబెటన్ వైపు చూడకుండానే, పాత కవిత్వంలో ప్రాసలు చూసి, లిపిలో ధ్వనిని సూచించే భాగాలు చూసి, ఈ మూడు మాటల్లోనూ ఒకప్పుడు "ఆ" ఉండేదని తేల్చారు. అంటే రెండు వేర్వేరు దారుల్లో వెళ్ళినవాళ్ళు ఒకే చోట కలిశారు. ఒప్పుకోవాల్సిన సాక్ష్యం అంటే ఇది. కాంటొనీస్‌లో "నేను" అనే మాటకి మొదట్లో ఙ ఇంకా అలాగే ఉంది, మాండరిన్‌లో పోయి "వో" అయింది. ఓనమాలు దిద్దిన రోజుల తర్వాత మనం మర్చిపోయిన ఙ, ఞ ఈ పనిలో మాత్రం పూటపూటా కావాలి.

సరే, ఇక మీ ప్రోగ్రాం సంగతి. పోలిన మాటల్ని జతచేసే ప్రోగ్రాం చేప దగ్గర యూ-ఙా-ఞ లని విడదీసి పారేస్తుంది, టీ దగ్గరికొచ్చేసరికి టిబెటన్ "జ", చైనీస్ "ఛా" రెండూ ఒకటేనని సంబరంగా జతకడుతుంది. అసలు సంగతి దానికి తలకిందులు. చేపలు బంధువులు, టీ అరువు. (మన చాయ్ కూడా ఆ ఛా నుంచే, టీ, తేయాకులో "తే" హొక్కియెన్ అనే దక్షిణ చైనా మాండలికం వైపు నుంచి సముద్రం మీద వచ్చాయి. అంతమాత్రాన తెలుగు చైనీస్‌కి చుట్టం కాదు కదా.) టిబెటన్‌లో "పద్మ" ఉంది, అది బౌద్ధంతో వెళ్ళిన మన సంస్కృత పద్మమే, దాన్ని పట్టుకోవడం తేలిక. కష్టం ఎక్కడంటే, రెండు వేల ఏళ్ళ కింద పక్కింటి భాష నుంచి తెచ్చుకుని, తర్వాత ఇంటి మాటలతో పాటు అన్ని మార్పులూ పొందిన మాటల దగ్గర. చైనీస్‌లో నదికి వాడే "జియాంగ్" దక్షిణాన ఉండిన ఆస్ట్రోఏషియాటిక్ భాషల (వియత్నామీస్, ఖ్మేర్, మన సంతాలీ ఉన్న వేరే కుటుంబం) నుంచి వచ్చిందని 1976లో ఒక వాదం వచ్చింది, ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటారు. దాన్ని చైనీస్ మాటగా తీసుకుని టిబెటన్‌లో జత వెతికితే ఏదో ఒకటి దొరికే తీరుతుంది, అదే ప్రమాదం.

అరువు సంగతి అలా ఉంచినా, నాకు మొదట్లో అర్థం కానిది, తర్వాత పగలంతా తిన్నది ఇంకోటి ఉంది: మాటని ఎక్కడ కొయ్యాలి అన్నది. ఈ భాషల్లో మాట అంటే చాలాసార్లు రెండు మూడు అక్షరాల (అక్షరం అంటే ఇక్కడ ఒక్క ఊపులో పలికే ముక్క) కూర్పు, ఒక్కో అక్షరానికీ వేరే వంశం ఉంటుంది. మిజోలో కన్ను "మిత్", నీళ్ళు "తుయ్", కన్నీళ్ళు "మిత్తుయ్". చేప "సఙా", అందులో "స" జంతువు, మాంసం అనే మాట, చేప అసలు రెండో అక్షరంలో ఉంది. మణిపురి మఙా, మిజో పఙా రెండూ అయిదే, ముందున్న మ, ప లు వేరు, వెనకున్న ఙా ఒకటే. పాత లిస్టుల్లో శరీర భాగాల పేర్లు రాసుకున్నవాళ్ళు ఎదుటివాడి కన్ను చూపించి "దీన్నేమంటారు" అని అడిగితే ఆ మనిషి "నా కన్ను" అనో "నీ కన్ను" అనో చెప్పేవాడు, అది అలాగే కన్ను అని అచ్చయింది. ఇందాక చెప్పిన ఇమా లెక్కే. కాబట్టి బర్కిలీ ప్రాజెక్టులో చేసిన అసలు పని ఏమిటంటే, లక్షల కొద్దీ ఎంట్రీల్లో ప్రతి మాటనీ అక్షరాలుగా విడగొట్టి, ఒక్కో అక్షరానికి అది ఏ మూలానికి, అంటే ఏ పాత మాటకి, చెందిందో ఆ మూలం నంబరు తగిలించడం. మిత్తుయ్‌లో మిత్‌కి కన్ను నంబరు, తుయ్‌కి నీళ్ళ నంబరు. ఏ మూలానికీ చెందనివి ఖాళీగా వదిలెయ్యాలి, అలా వదలగలగడానికి కూడా ధైర్యం కావాలి, కొత్తవాళ్ళు అస్సలు వదలరు.

ఒక్క మాట దగ్గర ఆగి చూపిస్తాను. మిజోలో గుడ్డుని "ఆర్‌తుయ్" అంటారు. ఆర్ అంటే కోడి. మరి ఈ తుయ్ నీళ్ళ తుయ్యేనా? కోడి నీళ్ళు అనా దాని అర్థం? లేక గుడ్డుకి విడిగా ఒక పాత మాట ఉండి, అరుగుతూ అరుగుతూ వచ్చి నీళ్ళ మాటతో ఒకే రూపంలో పడిందా? మిజో ఒక్కదాన్నే చూస్తే తేలదు. బోడోకి వెళ్తే నీళ్ళు "ద్వి", పక్షి "దావ్", గుడ్డు "దావ్‌ద్వి". త్రిపుర కొక్‌బొరొక్‌లో నీళ్ళు "త్వి", గుడ్డులో మళ్ళీ అదే త్వి. అక్కడా ఇక్కడా రెండూ ఒకేలా ఉన్నాయంటే ఒకే మాటేమో అనిపిస్తుంది. కానీ రెండూ మూలంలోనే దగ్గరగా ఉన్న వేర్వేరు మాటలైతే అన్ని భాషల్లోనూ ఒకేలా మారి ఇప్పటికీ ఇలాగే కనిపిస్తాయి! తేల్చాలంటే రెండింటినీ వేరుగా ఉంచిన భాష ఒక్కటన్నా దొరకాలి, టోన్ ద్వారానో, అచ్చు ద్వారానో. మిజో మామూలు రాతలో టోన్ గుర్తించరు, కాబట్టి పుస్తకం నుంచి ఎక్కించిన డేటా ఈ ప్రశ్నకి పనికిరాదు, మాట్లాడేవాళ్ళని వినాలి. ఒకే నంబరా, రెండు నంబర్లా అన్న ఈ ఒక్క నిర్ణయం కోసం ఎన్ని భాషలు తిరగాలో లెక్కేసుకోండి. ఇలాంటివి వందల్లో ఉంటాయి. సంపాదకుడు ఆ పూటకి ఒక నిర్ణయం తీసుకుని పక్కన నోట్ రాసిపెట్టుకుంటాడు, ఐదేళ్ళ తర్వాత కొత్త డేటా వచ్చి అది తిరగబడుతుంది, అప్పుడు ఆ నంబరు తగిలించిన ఎంట్రీలన్నీ మళ్ళీ తెరవాలి.

దీనికి ముందు జరిగిన చరిత్ర కొంచెం చెప్పాలి. బర్కిలీలోనే 1930ల్లో ఒకసారి ఈ పని మొదలైంది, రాబర్ట్ షేఫర్, పాల్ బెనెడిక్ట్ అప్పట్లో అందులో ఉన్నారు. బెనెడిక్ట్ తర్వాత వృత్తిరీత్యా మానసిక వైద్యుడయ్యాడు, ఆయన రాతప్రతి దశాబ్దాలు అలాగే పడి ఉంటే, జేమ్స్ మాటిసాఫ్ చూసి నోట్స్ చేర్చాక 1972లో అచ్చయింది. ఆ మాటిసాఫే 1987లో నిఘంటువు ప్రాజెక్టు మొదలుపెట్టాడు. అమెరికా ప్రభుత్వ సైన్స్, హ్యుమానిటీస్ నిధులతో నడిచింది. ఆయన సొంత రంగం ఇదే కుటుంబంలోని లాహు భాష, దాని వ్యాకరణం, నిఘంటువు రెండూ రాశాడు, ఊళ్ళో కూర్చుని భాష నేర్చుకున్న మనిషి కాబట్టే అర్థాలు ఎటు నుంచి ఎటు జారతాయో అంత పట్టింపుతో చూశాడనుకుంటాను. ఈ నిఘంటువుని అకారాది క్రమంలో కాకుండా అర్థాల వారీగా, శరీర భాగాలతో మొదలుపెట్టి వెయ్యాలనుకోవడం కూడా అందుకే. నిజానికి వేరే దారి కూడా లేదు, మొదటి అక్షరం ఏమిటో ఇంకా తేలని మాటల్ని ఏ అకారాదిలో పెడతాం? మిజోలో కాలేయం "థిన్", కోపం వచ్చిందనడానికి "థిన్‌రిమ్", అంటే కాలేయం మనసు వైపు జరిగింది. ఆ జరుగుబాటు ఒక్క భాషలో జరిగిందా, పది భాషల్లో కనిపిస్తోందా అన్నది తెలిస్తేనే "కాలేయం" అన్న మాటనీ "కోపం" అన్న మాటనీ ఒకే గుంపులో పెట్టే హక్కు వస్తుంది. ఊహ అందరికీ వస్తుంది, లెక్క చూపించినవాడికే ఆ హక్కు.

ఈ థిన్‌ని వదిలెయ్యకండి, మిజో "థ" దగ్గర మంచి పాఠం ఉంది. మూడు మిజోలో "పథుమ్", టిబెటన్ రాతలో గ్సుమ్, బర్మీస్‌లో "సుమ్" అని రాస్తారు. చచ్చిపోవడం మిజోలో "థి", బర్మీస్‌లో రాత "సె", మాండరిన్‌లో "స్స్" అన్నట్టు పలుకుతుంది. అంటే పాత "స" మిజోలో "థ" అయింది. కానీ మాంసం మిజోలో "స"నే, "థ" కాదు! వెంటనే తప్పు పట్టకూడదు, అక్కడ మూలంలో ఉన్నది "స్య" లాంటిది అని తేలింది, టిబెటన్‌లో మాంసం "శ" కదా. మినహాయింపుకి కారణం దొరికిన రోజున ఈ పనిలో ఉన్న కష్టమంతా మర్చిపోతాం, ఆ సంతోషం జీతంలో భాగమే.

కారణం దొరకని చోట ఏం చెయ్యాలి అన్నదాని మీదే ఈ రంగంలో పెద్ద తగాదా. కన్ను తీసుకోండి. టిబెటన్ రాతలో మిగ్, బర్మీస్ రాతలో మ్యక్, ప్రాచీన చైనీస్‌లో ముక్ లాంటిది. హల్లులు చక్కగా కలిశాయి, అచ్చులు మూడూ మూడు దారులు. మాటిసాఫ్ పద్ధతి ఏమిటంటే, మూలభాషలోనే, అంటే ఇవన్నీ విడిపోకముందున్న భాషలోనే, ఒక మాటకి రెండు మూడు రూపాలు ఉండి ఉండొచ్చు, అవన్నీ ఒకే కుటుంబం, వాటిని పక్కపక్కన గీత పెట్టి చూపిద్దాం అని. ఎదుటివాళ్ళ అభ్యంతరం, అలా ఒప్పుకుంటూ పోతే దేన్నైనా దేనితోనైనా కలపొచ్చు, సూత్రం అంటూ ఏం మిగిలింది అని. నా మటుకు నేను ఎదుటివాళ్ళ వైపే కొంచెం ఎక్కువ మొగ్గుతాను, కానీ నిఘంటువు విషయంలో మాటిసాఫ్‌దే సరైన పని అంటాను. మిగ్, మ్యక్, ముక్ లని ఒక చోట పెట్టకపోతే వాటిని వివరించాల్సిన అవసరం ఉందనే ఎవరికీ తెలియదు. పుస్తకంలో ఆ గీతని జవాబుగా చదవకండి, బాకీగా చదవండి.

ద్రావిడంలో ఈ బాధ పడలేదా అంటే, వేరే దారి తొక్కారు. బరో, ఎమెనో చేసిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు 1961లో వచ్చింది, 1984లో రెండో కూర్పు, 5,500కి పైగా గుంపులు. ఎమెనో ఉన్నదీ బర్కిలీలోనే. అందులో జ్ఞాతి పదాల్ని, అంటే ఒకే మూలం నుంచి వచ్చిన మాటల్ని, గుంపులుగా పేర్చి నంబరిచ్చారు తప్ప చుక్క గుర్తు (ఎక్కడా రాసి దొరకలేదు, పోల్చి ఊహించింది అనడానికి పెట్టే గుర్తు) పెట్టి మూలరూపం ఇది అని రాయలేదు. ఆ పని వ్యాసాల్లో, భద్రిరాజు కృష్ణమూర్తి గారి లాంటివాళ్ళ పుస్తకాల్లో విడిగా జరిగింది. రెండు మెట్లు వేరుగా ఉంచడం వల్ల మూలరూపాల మీద అభిప్రాయాలు మారినా నిఘంటువు చెక్కుచెదరలేదు. సైనో-టిబెటన్‌లో అలా చేయలేకపోవడానికి కారణం ఉంది. దగ్గర దగ్గర నాలుగు వందల భాషలు, వాటిలో పాత రాతలున్నవి చాలా తక్కువ. చైనీస్‌కి మూడు వేల ఏళ్ళ రాత ఉన్నా అది ధ్వనిని నేరుగా చూపదు. టిబెటన్ రాత ఏడో శతాబ్దం నుంచి, అది మాత్రం బంగారం; ఎనిమిదికి "బ్ర్గ్యద్" అని రాసి లాసాలో "గ్యె" అంటారు, రాతలో ఉన్నదంతా ఒకప్పుడు నోట్లో ఉన్నదే. బర్మీస్‌కి 1112 ప్రాంతపు మ్యజేది శాసనం దాకా పోవాలి. మిగతావాటికి నిన్నమొన్నటి లిస్టులే దిక్కు. మూలరూపం ఊహించకుండా వాటిని గుంపు చెయ్యడమే కుదరదు.

వయసు సంగతి కూడా ఒక ముక్క. 2019లో రెండు బృందాలు కంప్యూటర్ లెక్కలతో ఈ కుటుంబం విడిపోయిన కాలం వేశాయి, ఒకరికి సుమారు 5,900 ఏళ్ళ కింద అని, ఇంకొకరికి 7,200 అని వచ్చింది, ఇద్దరూ ఉత్తర చైనాలో కొర్ర, వరిగ లాంటి చిరుధాన్యాలు పండించినవాళ్ళ వైపే చూపించారు. అందులో వాడిన జ్ఞాతి పదాల పట్టికలు మనుషులు కూర్చుని తేల్చినవే, ఆ సంగతి వార్తల్లో రాదు.

ప్రోగ్రాం అక్కర్లేదని నేననడం లేదు. నేపాల్‌లోని టమాంగ్ భాషల మీద 1990ల్లోనే సూత్రాలిస్తే మూలరూపాలు లెక్కగట్టే ప్రోగ్రాం రాశారు, ఇప్పుడు అక్షరం స్థాయిలో జతలు పట్టేవి ఉన్నాయి, దగ్గరి భాషల మధ్య బాగానే పట్టుకుంటాయి. టెన్షన్ పెట్టేది చాట్‌బాట్‌లని అడిగి మూలరూపాలు తెచ్చుకునేవాళ్ళు. బెనెడిక్ట్ రాసే పద్ధతి వేరు, మాటిసాఫ్‌ది వేరు, ప్రాచీన చైనీస్‌కి 2014లో వచ్చిన పునర్నిర్మాణం వేరు. ఆ మూడింటినీ కలిపి వండి ఒకే చుక్క గుర్తు కింద వడ్డిస్తే చూడ్డానికి అచ్చం నిజంలాగే ఉంటుంది, వెనక్కి తడితే మూలం దొరకదు.

మీరు నిజంగా మొదలుపెట్టాలనుకుంటే మొత్తం కుటుంబం జోలికి పోకండి. బోడో, గారో, దిమాసా, కొక్‌బొరొక్, ఈ నాలుగూ చాలు. మిజో ఉన్న కుకీ-చిన్ శాఖ వైపు ఇష్టమైతే అక్కడ 2009లోనే మూలభాష పునర్నిర్మాణం వచ్చింది, చేసినాయన ఆ భాషల్లో ఒకటి మాతృభాషగా ఉన్నవాడు. పుస్తకంలో ఎలా ఉందో అలాగే మాటని ఒక కాలమ్‌లో ఎక్కించండి, పేజీ నంబరుతో సహా, దాన్ని ఎప్పటికీ ముట్టుకోవద్దు. మీరు సరిచేసుకున్న రూపం పక్క కాలమ్‌లో. అర్థం కూడా పుస్తకంలో ఉన్న మాటల్లోనే రాయండి. ఇంగ్లీషు లిస్టులో "బార్క్" అని ఉంటే అది చెట్టు బెరడో కుక్క అరుపో చుట్టుపక్కల మాటలు చూస్తే తప్ప తెలియదు, మీరు తొందరపడి బెరడు అని తెలుగులో రాసుకుంటే ఇక వెనక్కి పోలేరు. తర్వాత అక్షరాలుగా విడగొట్టడం, నంబర్లు తగిలించడం, ప్రతి అనుమానానికీ తేదీతో ఒక నోట్. మొదటి లెక్కగా నీళ్ళు తీసుకోండి: బోడో ద్వి, దిమాసా ది, కొక్‌బొరొక్ త్వి, గారో చి. గారోలో "చి" ఎందుకైందో, పక్షి దగ్గర మాత్రం గారోలో "ద" అలాగే ఎందుకుందో చూడండి, తర్వాత ఆ నాలుగు భాషల్లో గుడ్డు మాటలు తెచ్చి పక్కన పెట్టి ఒక నంబరా రెండా మీరే తేల్చండి. తేలిన రూపం కన్నా మీరు రాసుకున్న నోట్స్ పంపితే నేను చూసి చెబుతాను.